పాస్‌పోర్టుకు తొమ్మిదేళ్ళు నిండాయా?

ఓడ ప్రయాణం తలపెట్టే కుటుంబాలకు ఒక పాఠం



కొన్ని సంవత్సరాల క్రితం మా విచారణకు చెందిన ఒక వృద్ధ దంపతులు ఆదివారం పూజ ముగిసిన తరువాత నా దగ్గరకు వచ్చారు. ఆయన పదవీ విరమణ చేసిన బడిపంతులు. వారి పెండ్లి అయి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. సింగపూరులో ఉద్యోగం చేస్తున్న కుమారుడు ఆ సందర్భంగా తల్లిదండ్రులకు ఓడ ప్రయాణం ఏర్పాటు చేశాడు. సింగపూరులో ఓడ ఎక్కి, మలేషియాలోని పెనాంగు, థాయిలాండులోని ఫుకెట్ చూసుకుని, తిరిగి సింగపూరులోనే దిగాలి. అమెరికాలో ఉన్న కుమార్తె కూడా తన పిల్లలతో అక్కడికే వస్తున్నది. ఆరేళ్ళ తరువాత కుటుంబమంతా ఒక్కచోట చేరబోతున్నది.

"ఆశీర్వదించండి ఫాదర్ గారూ" అంటూ ఆమె రెండు పాస్‌పోర్టులు, టికెట్టు కాగితాలు నా చేతిలో పెట్టారు. నేను ప్రార్థన చేసి, పాస్‌పోర్టు తెరచి ఫోటో చూశాను. "అది తొమ్మిదేళ్ళ క్రిందటి ఫోటో ఫాదర్ గారూ, అప్పటికి నా జుట్టు ఇంకా నల్లగానే ఉండేది" అని ఆమె నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఒక్క మాటలోనే రాబోయే ఆపద ఉన్నదని నాకు తట్టలేదు. నేను ఫోటో చూశాను, దాని కింద ఉన్న తేదీ చూడలేదు.

నాలుగు రోజుల తరువాత శంషాబాద్ విమానాశ్రయంలో టికెట్టు కౌంటరు దగ్గర ఆమెను ఆపివేశారు. పాస్‌పోర్టు గడువు ఇంకా నాలుగు నెలల చిల్లర మాత్రమే ఉన్నది. సింగపూరులో అడుగు పెట్టేవారికి కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. పంతులుగారి పాస్‌పోర్టు వాన నీటిలో తడిసిపోతే ఆయన మధ్యలో కొత్తది తీసుకున్నారు కనుక ఆయనకు అడ్డంకి లేదు. అంతకు ముందు ఏడాది మనుమడిని చూడడానికి వెళ్ళినప్పుడు ఇచ్చిన వీసా ఇద్దరికీ చెల్లుబాటులోనే ఉన్నది. వీసా ఉన్నది కదా అని ఇంటిల్లిపాదీ నిశ్చింతగా ఉన్నారు. కౌంటరులోని అమ్మాయి మర్యాదగానే చెప్పింది, ఆమె తప్పేమీ లేదు. "మీరైనా వెళ్ళండి" అని భార్య అంటే పంతులుగారు ఒప్పుకోలేదు. ఆ రాత్రి బస్సుకే ఇద్దరూ ఊరికి తిరిగి వచ్చేశారు. ఓడ మాత్రం ఆగలేదు. టికెట్ల సొమ్ము తిరిగి రాలేదు. యాభై ఏళ్ళ పండుగ పూజలో ముందు వరుసలో వారిద్దరే కూర్చున్నారు. పిల్లలు ఫోనులో పలకరించారు.

ఆ తరువాత ఆమె నన్ను అడిగిన ప్రశ్న ఇది: "గడువు ఇంకా నాలుగు నెలలు ఉన్నది కదా ఫాదర్ గారూ. ఉన్న గడువు లేనట్టు ఎలా అవుతుంది?"

ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. తరువాత తెలుసుకున్న సంగతులను ఈ పాఠంలో మీ ముందు ఉంచుతున్నాను. ఈ రోజుల్లో మన విచారణలలో పిల్లలు విదేశాలలో లేని ఇల్లు అరుదు. తల్లిదండ్రులను ఓడలో తిప్పాలన్న కోరిక పిల్లలకు సహజం. కనుక ఇది ఏ ఒక్కరి సంగతో కాదు.

1. ఉండవలసినది, సరిపోయేది

సెమినరీలో తర్కశాస్త్రం చదివేటప్పుడు మాకు మొదట నేర్పే విషయాలలో ఒకటి ఉన్నది. ఒక పనికి ఉండి తీరవలసినది వేరు, ఆ పనికి సరిపోయేది వేరు. అన్నం వండడానికి బియ్యం ఉండి తీరాలి, కాని బియ్యం ఒక్కటే ఉంటే అన్నం కాదు. పాస్‌పోర్టు కూడా అంతే. గడువు తీరని పాస్‌పోర్టు ఉండి తీరాలి. అది ఉన్నంత మాత్రాన సరిపోదు.

పాస్‌పోర్టు మీద అచ్చయిన ఆఖరి తేదీని మన ప్రభుత్వం వేస్తుంది. ఆ తేదీ వరకు అది మన ప్రభుత్వం ఇచ్చిన మాట. అయితే మనలను లోపలికి రానిచ్చేది ఎదుటి దేశం. ఆ దేశం తన షరతు తాను పెడుతుంది. సింగపూరు, థాయిలాండు, మలేషియా, ఇండోనేషియా, శ్రీలంక వంటి దేశాలు ఆరు నెలల గడువు అడుగుతాయి. ఐరోపాలోని షెంగెన్ దేశాలు అక్కడి నుండి మనం బయలుదేరే తేదీ తరువాత మూడు నెలల గడువు ఉండాలంటాయి. ఆ పాస్‌పోర్టు గడచిన పదేళ్ళ లోపల ఇచ్చినదై ఉండాలని కూడా అంటాయి.

ఈ అదనపు నెలలు ఎందుకు? దీనిలో కొంత న్యాయం ఉన్నది. వచ్చిన మనిషి జబ్బు పడవచ్చు, ఆసుపత్రిలో ఉండవలసి రావచ్చు, ప్రయాణం వాయిదా పడవచ్చు. ఆ లోగా పాస్‌పోర్టు గడువు తీరిపోతే ఆ మనిషిని స్వదేశానికి పంపడం కష్టమవుతుంది. అందుచేత తిరిగి వెళ్ళే దారి తెరచి ఉన్నదని ముందే నమ్మకం కోరుతారు. సరైన పత్రాలు లేనివారిని తీసుకొని వెళ్తే తిరిగి తెచ్చే భారం విమాన సంస్థ మీద, ఓడ సంస్థ మీద పడుతుంది. అందువల్లనే అడ్డగింపు విదేశంలో కాక మన ఊరి విమానాశ్రయంలోనే జరుగుతుంది.

కనుక ఆ తల్లి ప్రశ్నకు జవాబు ఇది: పదేళ్ళ పాస్‌పోర్టు అనేక దేశాల విషయంలో తొమ్మిదిన్నర ఏళ్ళే పనికివస్తుంది. అచ్చయిన తేదీ ఒకటి, పనికివచ్చే తేదీ మరొకటి.

2. ఓడ ప్రయాణంలో ప్రత్యేకత ఏమిటి?

విమానంలో వెళ్ళేవారు సాధారణంగా ఒక దేశం గడప దాటుతారు. ఓడలో వెళ్ళేవారు ఒక వారంలో మూడు నాలుగు దేశాల గడపలు దాటుతారు. ఇందులో గుర్తుంచుకోవలసిన సంగతులు ఇవి.

మొదటిది, ఓడ ఆగే అన్ని రేవులలో ఏ దేశపు షరతు కఠినమైనదో అదే మనకు వర్తించే షరతు. మూడు రేవులకు సరిపోయి నాలుగవ రేవుకు సరిపోని పాస్‌పోర్టుతో మొదటి రేవులోనే మనలను ఎక్కించుకోకపోవచ్చు.

రెండవది, "ఆ ఊరిలో నేను దిగను, ఓడలోనే కూర్చుంటాను" అంటే చాలా సంస్థలు ఒప్పుకోవు. ఓడ రేవులోకి వచ్చిందంటే అందులోని ప్రయాణికుల పట్టిక ఆ దేశపు అధికారుల చేతికి వెళ్తుంది. దిగినా దిగకపోయినా పత్రాలు సరిగా ఉండాలి.

మూడవది, ఓడ బయలుదేరిన రేవుకే తిరిగి వచ్చినా, మధ్యలో మరొక దేశానికి వెళ్ళి వస్తే అది రెండవసారి ప్రవేశించడమే. వీసా ఒక్క ప్రవేశానికే ఇచ్చి ఉంటే తిరిగి లోపలికి రాలేము. వీసా కోరేటప్పుడే ఒకటికి మించిన ప్రవేశాలు కావాలని వ్రాయాలి.

నాలుగవది, సముద్రం మన చేతిలో లేదు. తుఫాను వస్తే ఓడ వేరే రేవుకు మళ్ళవచ్చు. ఎవరికైనా గుండెనొప్పి వస్తే దారిలో దించి ఆసుపత్రికి పంపవచ్చు. ఊరు చూడడానికి దిగినవారు ఆలస్యంగా వస్తే ఓడ వారిని వదలి వెళ్ళిపోవచ్చు. అలాంటప్పుడు ఆ దేశం నుండి విమానంలోనే ఇంటికి రావాలి. అప్పుడు మనకు దిక్కు గడువున్న పాస్‌పోర్టే.

ఐదవది చిన్న విషయమే కాని పెద్ద చిక్కు తెస్తుంది. రేవులో పెద్ద పెట్టెలను కూలీలు ముందే తీసుకుపోతారు. అవి సాయంత్రానికి గాని గదికి చేరవు. పాస్‌పోర్టు ఆ పెట్టెలో పెట్టినవారు గడప దగ్గరే నిలబడిపోతారు. పాస్‌పోర్టులు, వీసాలు, మందులు చేతిసంచిలోనే ఉండాలి. కొన్ని ఓడలలో సిబ్బంది ప్రయాణం ముగిసేవరకు పాస్‌పోర్టులు తమ వద్ద ఉంచుకుంటారు. కనుక నకళ్ళు తీసి విడిగా దాచుకోండి.

3. వెనుక నుండి లెక్క పెట్టండి

పునీత పౌలుగారు నడచిన ఊళ్ళు చూడాలని కోరుకునే మనవారు గ్రీసు, టర్కీ తీరాలకు ఓడలో వెళ్తుంటారు. ఏథెన్సు నగరపు రేవు పిరేయస్‌లో ఓడ ఎక్కుతారు. టర్కీలోని కుషాదాసి రేవులో దిగి ఎఫెసు శిథిలాలు చూస్తారు. తరువాత పత్మోసు ద్వీపానికి వెళ్తారు. పత్మోసు గ్రీసుకు చెందినది. దీనినే ఉదాహరణగా తీసుకుని లెక్క వేద్దాం.

ఓడ మే 10న బయలుదేరి మే 17న తిరిగి వస్తుందని అనుకుందాం. మే 18న విమానంలో ఇంటికి తిరుగు ప్రయాణం. గ్రీసు షెంగెన్ దేశం కనుక మే 18 తరువాత మూడు నెలలు, అనగా ఆగస్టు 18 వరకు గడువు ఉండాలి. టర్కీ తన వీసా గడువు ముగిసిన తరువాత కూడా కనీసం 60 రోజులు పాస్‌పోర్టు నిలవాలంటుంది. దారిలో విమానం మారే దేశం కూడా ఒకటి ఉండవచ్చు. ఇన్ని లెక్కలతో తికమకపడడం ఎందుకు? తిరుగు ప్రయాణపు తేదీకి ఆరు నెలలు కలపండి. అప్పుడు నవంబరు 18 అవుతుంది. మీ పాస్‌పోర్టు మీది తేదీ నవంబరు 18 దాటి ఉంటే నిశ్చింతగా ముందుకు సాగండి. దానికి లోపల ఉంటే ముందు కొత్త పాస్‌పోర్టు, తరువాతే టికెట్టు.

ఇప్పుడు మరొక అడుగు వెనక్కి వేయండి. షెంగెన్ వీసా దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండి ఇవ్వవచ్చు. సాధారణంగా కనీసం 15 రోజుల ముందైనా ఇచ్చి తీరాలి. వేసవి ప్రయాణాలకు రద్దీ ఎక్కువ కనుక చివరి రోజుల వరకు ఆగరాదు. మే నెల ప్రయాణానికి నవంబరులోనే దరఖాస్తు పెట్టగల వీలున్నది. అంటే ఆ నవంబరుకే కొత్త పాస్‌పోర్టు మీ చేతిలో ఉండాలి. అందుకు ఆగస్టు, సెప్టెంబరు నెలలలోనే పని మొదలుపెట్టాలి. మేలో ఎక్కే ఓడకు పని మొదలయ్యేది ముందు సంవత్సరపు ఆగస్టులో!

వీసా ముద్రలకు ఖాళీ పేజీలు కూడా కావాలి. షెంగెన్ వీసాకు కనీసం రెండు ఖాళీ పేజీలు అడుగుతారు. గడువు ఉన్నా పేజీలు నిండిపోయిన పాస్‌పోర్టు అక్కరకు రాదు.

4. కొత్త పాస్‌పోర్టు ఎప్పుడు?

మన దేశంలో పెద్దలకు ఇచ్చే పాస్‌పోర్టు గడువు 10 సంవత్సరాలు. గడువు తీరడానికి ఒక సంవత్సరం ముందు నుండే కొత్తదానికి దరఖాస్తు చేయవచ్చు. పాత పుస్తకంలోనే గడువు పొడిగించడం ఉండదు. కొత్త నంబరుతో కొత్త పుస్తకమే ఇస్తారు. అందుచేత నేను మా విచారణలో చెప్పే సూత్రం ఇది: పాస్‌పోర్టుకు తొమ్మిదేళ్ళు నిండిన రోజున కొత్తది కోరండి. ప్రయాణం ఉన్నా లేకపోయినా సరే.

"ఇంకా ఒక ఏడాది ఉన్నది కదా, ఆ ఏడాది వృథా కదా" అని కొందరు అంటారు. ఆ ఏడాదిలో ఆరు నెలలు ఎలాగూ పనికిరానివని పైన చూశాము. మిగిలిన ఆరు నెలలకు ఆశపడి యాభై ఏళ్ళ పండుగను పోగొట్టుకోవడం తెలివి కాదు.

దరఖాస్తు పాస్‌పోర్టు సేవా వారి వద్ద కంప్యూటరు ద్వారా నింపి, రుసుము చెల్లించి, తేదీ తీసుకొని, పాస్‌పోర్టు సేవా కేంద్రానికి వెళ్ళాలి. 2017 నుండి కొన్ని పోస్టాఫీసులలో కూడా ఈ కేంద్రాలు తెరచారు కనుక ఇప్పుడు చాలామందికి దూరం తగ్గింది. పెద్దలకు 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు, 60 పేజీల పుస్తకానికి 2,000 రూపాయలు. తత్కాల్ పద్ధతిలో అదనంగా 2,000 రూపాయలు. తత్కాల్ ఆపదలో ఆదుకునేది మాత్రమే. పేరులోనో పుట్టినతేదీలోనో తేడా ఉంటే అదీ ఆదుకోకపోవచ్చు. దానిని నమ్ముకుని టికెట్టు కొనవద్దు.

ఇక్కడ మూడు జాగ్రత్తలు చెప్పాలి.

కేంద్రంలో దరఖాస్తు ఇచ్చిన రోజునే పాత పాస్‌పోర్టును రద్దు చేసి తిరిగి ఇస్తారు. కొత్తది చేతికి వచ్చేవరకు మీరు విదేశానికి వెళ్ళలేరు. కనుక ముందున్న ప్రయాణానికి, దరఖాస్తుకు మధ్య ఎడం ఉండాలి.

కొన్ని దరఖాస్తులకు పోలీసు వెరిఫికేషన్ అవసరమవుతుంది. చిరునామా మారినవారు దీనికి సిద్ధంగా ఉండాలి. ఇంటికి పోలీసువారు వచ్చిన రోజున మీరు కొడుకు దగ్గర హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉంటే పని ఆగిపోతుంది. పాస్‌పోర్టు స్పీడు పోస్టులో వస్తుంది, దానిని అందుకోవడానికి కూడా మీరు ఇంట ఉండాలి.

పాత పాస్‌పోర్టును పారవేయవద్దు. అందులో గడువున్న వీసా ఉంటే, ఉదాహరణకు అమెరికా వీసా, పాత కొత్త పుస్తకాలు రెండూ కలిపి చూపితే అది చెల్లుతుంది. అయితే కొన్ని దేశాలు వీసాను పాస్‌పోర్టు నంబరుతో ముడిపెడతాయి. ఓడ టికెట్టులో కూడా పాత నంబరు ఉండిపోవచ్చు. కొత్త పుస్తకం రాగానే ఈ రెండు చోట్ల నంబరు సరిచేయించుకోవాలి.

2001కి ముందు చేతితో వ్రాసి 20 ఏళ్ళ గడువుతో ఇచ్చిన పాస్‌పోర్టులు కొందరికి ఉండేవి. అంతర్జాతీయ నియమం ప్రకారం యంత్రం చదవలేని పాస్‌పోర్టులకు 2015 నవంబరు 24తో కాలం చెల్లింది. అప్పట్లో పుస్తకం మీద ఇంకా ఏళ్ళు మిగిలి ఉండి కూడా ప్రయాణం ఆగిన పెద్దలున్నారు. అచ్చయిన తేదీయే సర్వం కాదని చెప్పడానికి ఇది మరొక సాక్ష్యం. 2024 నుండి చిప్పు గల కొత్త ఈ-పాస్‌పోర్టులు ఇవ్వడం మొదలైంది. అయినా పాత రకం పాస్‌పోర్టులు వాటి గడువు వరకు చెల్లుతాయి, ఆ విషయంలో ఆందోళన వద్దు.

5. పిల్లల పాస్‌పోర్టులు

ఇంటిలో అందరివీ ఒకేసారి తీసుకున్నాం కనుక అందరి గడువూ ఒకటే అనుకుంటారు. అది పొరపాటు. పిల్లల పాస్‌పోర్టు గడువు 5 సంవత్సరాలు, లేదా 18 ఏళ్ళు నిండేవరకు, ఏది ముందైతే అది. 15 నుండి 18 ఏళ్ళ లోపు వారు కావాలంటే 10 ఏళ్ళ పుస్తకం కోరవచ్చు. కనుక పెద్దలకు తొమ్మిదేళ్ళ సూత్రమైతే పిల్లలకు నాలుగేళ్ళ సూత్రం. అమెరికాలో పుట్టిన మనుమల సంగతీ ఇంతే. అక్కడ 16 ఏళ్ళ లోపు పిల్లలకు ఇచ్చే పాస్‌పోర్టుకు 5 ఏళ్ళే గడువు.

కుటుంబంలో ఐదుగురు ప్రయాణమైతే ఐదు పుస్తకాలు తెరచి చూడాలి. నలుగురివి బాగుండి ఒక్కరిది బాగులేకపోతే ప్రయాణం ఐదుగురిదీ ఆగుతుంది. తల్లి ఆగితే పిల్లలు వెళ్ళరు, బిడ్డ ఆగితే తల్లి వెళ్ళదు.

6. పేరు, ఇంటిపేరు, జ్ఞానస్నాన నామం

మా విచారణ కార్యాలయానికి ఎక్కువగా వచ్చే సమస్య ఇది. బడి సర్టిఫికెట్టులో ఒక పేరు, జ్ఞానస్నాన రిజిస్టరులో మరొక పేరు, ఆధారు కార్డులో ఇంటిపేరు ముందు, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరుకు ఒక్క అక్షరం. ఊరిలో మరియమ్మ గారంటే అందరికీ తెలుసు. ఓడరేవులోని అధికారికి తెలియదు. ఆయన పాస్‌పోర్టులోని పేరును, టికెట్టులోని పేరును అక్షరం అక్షరం పోల్చి చూస్తాడు.

కనుక టికెట్టు కొనే కొడుకుకో కూతురుకో పేరు ఫోనులో చెప్పవద్దు. పాస్‌పోర్టు మొదటి పేజీ ఫోటో తీసి పంపండి. అందులో ఇంటిపేరు గడిలో ఏమున్నదో, పేరు గడిలో ఏమున్నదో అదే విధంగా టికెట్టులో రావాలి. పేరు మార్చవలసి ఉంటే పాస్‌పోర్టు కొత్తది తీసుకునే సమయమే తగిన సమయం. అయితే దానికి అదనపు పత్రాలు, అదనపు రోజులు కావాలి.

ఇక ఒక మనవి. పాస్‌పోర్టుకు పుట్టినతేదీ రుజువుగా జ్ఞానస్నాన పత్రం ఇవ్వమని కొందరు అడుగుతారు. పాస్‌పోర్టు కార్యాలయం అంగీకరించే పత్రాల జాబితాలో అది లేదు. జనన ధ్రువపత్రం, బడి టి.సి. లేదా పదవ తరగతి సర్టిఫికెట్టు, పాను కార్డు వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. 2023 అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని పుట్టిన బిడ్డలకు జనన ధ్రువపత్రం ఒక్కటే రుజువు. కనుక బిడ్డ పుట్టగానే పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో జననం నమోదు చేయించండి. జ్ఞానస్నానానికి వచ్చేటప్పుడు ఆ పత్రం వెంట తెస్తే రెండు చోట్లా ఒకే పేరు, ఒకే తేదీ వ్రాయగలుగుతాము. ఈ చిన్న పని చేస్తే ఇరవై ఏళ్ళ తరువాత ఆ బిడ్డకు అగచాట్లు తప్పుతాయి.

7. "పాస్‌పోర్టు అక్కరలేదట" అన్న మాట

అమెరికాకు వెళ్ళి వచ్చినవారు ఒక్కొక్కసారి "అక్కడ ఓడ ఎక్కడానికి పాస్‌పోర్టు అక్కరలేదు, జనన ధ్రువపత్రం చాలు" అంటారు. ఈ మాటలో కొంత నిజమున్నది, కాని అది మన విషయం కాదు. అమెరికా రేవులో బయలుదేరి, మెక్సికో, కెనడా, కరీబియన్ దీవుల వంటి సమీప ప్రాంతాలు చూసి, అదే రేవుకు తిరిగి వచ్చే ఓడలలో అమెరికా పౌరులు జనన ధ్రువపత్రంతో, ప్రభుత్వం ఇచ్చిన ఫోటో కార్డుతో తిరిగి దేశంలోకి రావచ్చు. ఇది అమెరికా పౌరులకు ఇచ్చిన వెసులుబాటు. భారత పాస్‌పోర్టుతో వెళ్ళిన అమ్మమ్మ తాతయ్యలకు ఇది వర్తించదు. వారికి పాస్‌పోర్టు, తిరిగి అమెరికాలో ప్రవేశించడానికి వీలున్న వీసా ఉండాలి. అమెరికా పౌరులైన పిల్లలు కూడా దారిలో ఓడ తప్పిపోతే విమానంలో తిరిగి రావడానికి పాస్‌పోర్టు కావలసిందే. అందుచేత వారు కూడా తీసుకొని వెళ్ళడమే మేలు.

అలాగే ఆరు నెలల అదనపు గడువు విషయంలో అమెరికాకు కొన్ని దేశాలతో ఒప్పందం ఉన్నది, వాటిలో భారతదేశం ఒకటి. దానివల్ల అమెరికాలో ఉండే కాలం వరకు గడువు ఉంటే ఆ దేశానికి చాలు. కాని ఓడ ఆగే ఇతర దేశాలకు ఆ ఒప్పందంతో సంబంధం లేదు. ఓడ సంస్థ కూడా తన నియమం తాను పెట్టవచ్చు.

8. మన తీరం నుండి

విదేశం వెళ్ళకుండానే ఓడ ఎక్కే అవకాశం మనకూ వచ్చింది. 2022లో విశాఖపట్నం నుండి విహార నౌక చెన్నై, పుదుచ్చేరి వైపు నడిచింది. 2023 జూన్‌లో చెన్నై నుండి శ్రీలంకకు ఓడ ప్రయాణం మొదలైంది. మన దేశపు రేవుల మధ్య మాత్రమే తిరిగే ఓడకు మన పౌరులకు ప్రభుత్వం ఇచ్చిన ఫోటో గుర్తింపు కార్డు చాలు. శ్రీలంక రేవు ఒక్కటి కలిసినా అది విదేశ ప్రయాణమే. అప్పుడు ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టు కావాలి. రెండు రాత్రుల ప్రయాణమే కదా అని తేలికగా తీసుకోరాదు. టికెట్టు కొనేముందు "ఓడ ఏయే రేవులలో ఆగుతుంది?" అని అడగడం మరువకండి.

విదేశపు రేవులో పాస్‌పోర్టు పోతే ముందు అక్కడి పోలీసులకు తెలిపి, మన రాయబార కార్యాలయాన్ని ఆశ్రయించాలి. వారు అత్యవసర పత్రం ఇస్తారు. అయితే అది భారతదేశానికి తిరిగి రావడానికి మాత్రమే, మిగిలిన ఓడ ప్రయాణం కొనసాగించడానికి కాదు.

ఇంటిలో చేయవలసిన పని

ఈ ఆదివారం భోజనాల తరువాత బీరువాలోని పాస్‌పోర్టులన్నీ బయటకు తీయండి. ఒక కాగితం మీద ఒక్కొక్కరి పేరు వ్రాసి, ఎదురుగా ఈ ప్రశ్నలకు జవాబులు నింపండి.

1. పాస్‌పోర్టు మీది ఆఖరి తేదీ ఏది? దాని నుండి ఆరు నెలలు తీసివేస్తే వచ్చే తేదీ ఏది? ఈ రెండవ తేదీని ఎర్ర సిరాతో వ్రాయండి. మీ అసలు గడువు అదే.

2. పెద్దల పుస్తకానికి తొమ్మిదేళ్ళు, పిల్లల పుస్తకానికి నాలుగేళ్ళు ఏ నెలలో నిండుతాయి? ఆ నెలను గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టండి.

3. ఖాళీ పేజీలు ఎన్ని ఉన్నాయి? పుస్తకం తడిసి, చిరిగి, ఫోటో పేజీ ఊడి ఉన్నదా?

4. పాస్‌పోర్టులోని పేరు, ఆధారులోని పేరు, టికెట్టులోని పేరు ఒకటేనా?

5. ప్రయాణం నిశ్చయమై ఉంటే ఓడ ఆగే రేవులు ఏవి? ఒక్కొక్క దేశం ఎంత గడువు అడుగుతుంది? వీసా ఎన్ని ప్రవేశాలకు ఇచ్చారు? నియమాలు మారుతుంటాయి కనుక ఆయా దేశాల రాయబార కార్యాలయాల వారి ప్రకటనలను, ఓడ సంస్థ సూచనలను టికెట్టు కొనేముందు ఒకసారి, బయలుదేరే ముందు మరొకసారి చూడండి.

పిల్లలకు కూడా ఒక మాట. తల్లిదండ్రులకు టికెట్టు కొని పంపడం ప్రేమే. కాని ఎనభై ఏళ్ళ వయసులో వారు ఈ లెక్కలన్నీ వేసుకోలేరు. టికెట్టు కొనేముందు "అమ్మా, నీ పాస్‌పోర్టు తీసి ఆఖరి తేదీ చదువు" అని అడగడం కూడా ఆ ప్రేమలో భాగమే.

మా విచారణలోని ఆ తల్లికి తరువాత కొన్ని వారాలకే కొత్త పాస్‌పోర్టు వచ్చింది. అంత తేలికగా అయిపోయే పని అది! కాని కుమార్తెకు మళ్ళీ సెలవు దొరకడానికి రెండేళ్ళు పట్టింది. అప్పటికి పంతులుగారి మోకాళ్ళు మెట్లెక్కే స్థితిలో లేవు. పిల్లలే వీలు చూసుకుని ఒకరి తరువాత ఒకరు ఊరికి వచ్చి వెళ్తున్నారు. ఆ కొత్త పుస్తకంలో ఇంతవరకు ఒక్క ముద్ర కూడా పడలేదు.

ఇప్పుడు ఎవరు పాస్‌పోర్టు తెచ్చి ఆశీర్వదించమన్నా నేను ముందు తేదీ చూస్తాను, ఆ తరువాతే ప్రార్థన చేస్తాను. మీరు కూడా మీ ఇంట ఆ తేదీ చూడండి. మీ ప్రయాణాలు క్షేమంగా సాగాలని కోరుకుంటూ,

మీ విచారణ గురువు